గీతకు సాక్ష్యం

పటం గురించి రేడియోలో మాట్లాడటం కొంచెం విడ్డూరమే. అయినా ఈ పటంలోని రంగులు చాలావరకు మీ కాళ్ల కింద ఉన్నవే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. కర్నూలులో బస్సెక్కి కడపకు పోయే దారిని ఒకసారి తలుచుకోండి. పాణ్యం దగ్గర కొండలకు శిఖరాలు ఉండవు, నెత్తిన బల్లపరుపుగా చెక్కినట్టుంటాయి. అది ఇసుక గట్టిపడి రాయైన పొర. నంద్యాలలో దిగేసరికి కొండ పోయి నల్లరేగడి వస్తుంది. ఆళ్లగడ్డ, చాగలమర్రి దాకా కుందూ లోయ పొడవునా ఆ రేగడే, దాని అడుగున పలకలుగా విడిపోయే మెత్తరాయి, సున్నపురాయి. ఎడమ చేతి వైపు నల్లమల గోడ కట్టినట్టు కూడా వస్తూ ఉంటుంది. అదే కర్నూలు నుంచి పడమరగా పత్తికొండ, ఆస్పరి వైపు పోతే ఈ పొరలేవీ ఉండవు. ఎర్రనేల, గుండ్లు గుండ్లుగా నల్లరాయి. ఒక్క పూట ప్రయాణంలో వందల కోట్ల ఏళ్ల చరిత్ర కిటికీ పక్కనుంచి జరిగిపోతుంది. దాన్ని కాగితం మీద రంగులుగా పెడితే భూగర్భ పటం.

ఈ పొరల పేర్లు వరసగా చదివితే ఆర్టీసీ బస్టాండులో మైకు విన్నట్టే ఉంటుంది. పాపాఘ్ని, గువ్వలచెరువు, వేంపల్లె, చిత్రావతి, పులివెందుల, తాడిపత్రి, గండికోట. ఇవి కడప శిలలు. వాటి మీద చాలా కాలం తర్వాత పేరుకున్నవి కర్నూలు శిలలు: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. పాలకోవాకు పేరుపడ్డ మన గువ్వలచెరువు భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో గుల్చేరు అయి కూర్చుంది. ఈ పేర్లలో చాలావాటికి మూలం విలియం కింగ్ అనే శాస్త్రవేత్త రాసిన పుస్తకం. 1851లో పుట్టిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, 1872లో దాన్ని తన ఎనిమిదో మెమాయిర్‌గా అచ్చువేసింది. నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు పరచుకున్న ఈ శిలల తొట్టికి వరస కట్టి, తరువాతి వాళ్లందరికీ పునాది వేసింది ఆ పుస్తకమే. ఇప్పటికీ కడప శిలల మీద పరిశోధన మొదలుపెట్టే విద్యార్థి కింగ్‌ను దాటి పోలేడు.

ఇప్పుడు పటాలు కాగితం వదిలి తెరకెక్కాయి. వేలితో తాకితే రాయి పేరు చెబుతాయి, రెండు వేళ్లతో లాగితే పెద్దవవుతాయి. మంచిదే. కానీ కర్నూలు, కడప జిల్లాల కళాశాలల్లో పాఠానికీ పరిశోధనకీ పనికొచ్చే డిజిటల్ పటం కావాలంటే ఈ హంగులు చాలవని నా వాదన. తాకినప్పుడు పటం రాయి పేరు చెప్పి ఊరుకోకూడదు. ఆ రాయి అక్కడుందని దానికెలా తెలుసో కూడా చెప్పాలి. ప్రతి గీతకూ సాక్ష్యం ఉండాలి. అది లేని పటాన్ని ఎంత మెరిసే తెర మీద పెట్టినా అది గోడ మీద క్యాలెండరు బొమ్మే.

ఎందుకంటే భూగర్భ పటంలో కళ్లతో చూసింది కొంత, ఊహించింది చాలా. మన్ను కప్పని చోటే రాయి కనిపిస్తుంది. వంక ఒడ్డున కాస్త, రైలు కట్ట కోసిన చోట కాస్త, గనిలో కాస్త. కుందూ లోయలో రేగడి నిండుగా కప్పేసిన చోట సర్వేకు వచ్చినవాడు ఒక వంకలో సున్నపురాయి చూస్తాడు, రెండు మైళ్ల అవతల మరో వంకలో మెత్తరాయి చూస్తాడు, మధ్యలో ఎక్కడో ఒకటి ఆగి రెండోది మొదలైందని తన అనుభవం కొద్దీ గీత గీస్తాడు. నిజాయితీగల పటకర్త అలాంటి చోట నిండు గీత గీయడు, తునకల గీత గీస్తాడు. కాగితం పటం అంచున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంటుంది కూడా. తెర మీదికి వచ్చేసరికి ఆ అంచు ఎక్కడో జారిపోతుంది. రంగు మాత్రం ఊరంతా ఒకే ధీమాతో నిండి ఉంటుంది.

ఇందులో ఉన్న చిక్కు ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మన దేశంలో సర్వే పటాల వాడుక కొలత 1:50,000. అంటే పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. అర మిల్లీమీటరు మందం ఉన్న గీత 25 మీటర్ల వెడల్పు నేలను మింగేస్తుంది. రెండెకరాల చేను చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో పక్క 90 మీటర్లుంటుంది. పటం మీద దాని పక్క రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, జొన్నగింజ కంటే చిన్నది. కాగితం మీద ఎవరూ జొన్నగింజలో బోరు పాయింటు వెతకరు. తెర మీద వెతుకుతారు. వేళ్లతో లాగితే ఆ గింజ అరచేయంత అవుతుంది, దాని మధ్యలోంచి గీత కత్తితో కోసినట్టు పోతుంది, చేనుకు ఈ మూల సున్నపురాయి, ఆ మూల మెత్తరాయి అని చెబుతుంది. పటం పెద్దదైంది గానీ దానిలోని జ్ఞానం ఒక్క పిసరు పెరగలేదు. పాఠం కోసం తయారు చేసే పటం ఈ మోసాన్ని పోనివ్వకుండా పట్టుకోవాలి. సర్వే కొలతను దాటి లాగితే గీత పలచబడి, మసకగా పట్టీలా మారిపోవాలి. పరిశీలించిన చోట్లు మాత్రం చుక్కలుగా వెలగాలి. చుక్కలు ఎంత దూరదూరంగా ఉన్నాయో చూసిన విద్యార్థికి ఆ గీతను ఎంతవరకు నమ్మాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే పటం సందేహాలు మాత్రమే నేర్పుతుందని కాదు. సాక్ష్యం దొరికిన చోట అది నేల లోపలికి కూడా చూడగలదు. తుమ్మలపల్లెనే తీసుకోండి. అక్కడ యురేనియం ఉన్నది వేంపల్లె వరసలోని డోలమైటు రాతిలో. ఆ ఖనిజపు పట్టీ సుమారు 160 కిలోమీటర్ల పొడవునా సాగుతుంది. పొరలు ఈశాన్యం వైపు ఇంచుమించు 15 డిగ్రీల వాలుతో దిగిపోతాయి. పైకి తేలిన పొర దగ్గర నిలబడి వాలు వెంట 100 మీటర్లు నడిస్తే, అదే పొర మన పాదాల కింద దాదాపు 27 మీటర్ల లోతున ఉంటుంది. కిలోమీటరు నడిస్తే 270 మీటర్ల లోతున. తరగతిలో ఈ లెక్క నల్లబల్ల మీద చెబితే త్రికోణమితి. పటం మీద వేలితో ఒక అడ్డగీత గీయగానే కింద నేల కోసిన బొమ్మ తెరిచి, వాలును 15 నుంచి 12కు మారిస్తే పొర ఎలా పైకి లేస్తుందో చూపితే అప్పుడది భూగర్భ శాస్త్రం. మూడు డిగ్రీలు తప్పు కొలిస్తే కిలోమీటరు దూరంలో 55 మీటర్ల పైచిలుకు తేడా వస్తుందని పిల్లవాడు తన వేలితో తానే కనుక్కుంటాడు. ఈ రకం డిజిటల్ పటానికి కాగితం ఏ విధంగానూ పోటీ రాలేదు. అదొప్పుకోవాలి.

పరిశోధనకు దీనివల్ల ఇంకో లాభం ఉంది. పటాలు మారుతుంటాయి. కింగ్ చెయ్యేరు అని పిలిచిన వర్గం తరువాతి వరసల్లో చిత్రావతిగా మారింది. 1987లో నాగరాజారావు, ఆయన సహచరులు వేసిన వరస ఈనాడు ఎక్కువమంది వాడేది, దాన్నీ తరువాతివాళ్లు ప్రశ్నిస్తూనే ఉన్నారు. శ్రీశైలం ఇసుకరాయి వరసలో ఎక్కడ కూర్చోవాలన్నది తెమలని తగాదా. కర్నూలు శిలల వయసూ అంతే. పులివెందుల ప్రాంతంలో కరిగిన రాయి పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గట్టిపడిన పలకకు 188 కోట్ల ఏళ్ల పైచిలుకు వయసని గట్టిగా తేలింది గనుక అడుగున ఉన్న కడప శిలలు అంతకు ముందువని చెప్పగలం. పైనున్న కర్నూలు శిలలకు అంత గట్టి ఆధారం కోసం ఇంకా వాదనలు నడుస్తున్నాయి. ఈ శిలలను హాలండ్ అనే శాస్త్రవేత్త పురాణ శిలలు అన్నాడు. పురాణాలంటేనే పాఠాంతరాలుంటాయి కదా. అచ్చు పటం ఏదో ఒక పాఠాన్ని ఎంచుకుని మిగతావి చెరిపేయక తప్పదు. డిజిటల్ పటానికి ఆ అవసరం లేదు. 1872 పటాన్ని, 1987 వరసను, నేటి సర్వేను ఒకదానిమీద ఒకటి పొరలుగా పరిచి, గీత ఎక్కడ జరిగిందో, ఏ చుక్క వల్ల జరిగిందో చూపవచ్చు. ఎంఎస్సీ విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం ఏముంటుంది?

ఇప్పటికే ఉన్నదాన్ని మళ్లీ తయారు చేయడం దేనికని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సర్వే సంస్థ భూకోశ్ పోర్టల్లో 1:50,000 కొలత పటాలు ఎవరైనా చూడవచ్చు, దించుకోవచ్చు. 2023 డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండారం కూడా తెరిచారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో పటాలు గీయడానికి, పంచుకోవడానికి పాత అనుమతుల బెడద పోయింది. ఒకప్పుడు సర్వే పటం ముక్క చేతికి రావడానికి పడ్డ పాట్లు తెలిసినవారికి ఇది చిన్న మార్పుగా అనిపించదు. కానీ ఆ పోర్టళ్లు గోదాముల వంటివి. తెలిసినవాడికి సరుకు దొరుకుతుంది. వాటి ప్రధాన దృష్టి దేశమంతటి మీద, ఖనిజాన్వేషణ మీద ఉంటుంది, ఉండాలి కూడా. వేంపల్లె పక్కన పొరల వాలును ఎలా చదవాలో డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు నేర్పడం వాటి పని కాదు. గోదాము ఉన్నంత మాత్రాన ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ పని కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల జరగాలి. సర్వే పటాన్ని అడుగు పొరగా పెట్టుకుని, దాని మీద స్థానిక సాక్ష్యాన్ని చేర్చుకుంటూ పోవాలి.

స్థానిక సాక్ష్యం అంటే ఏమిటి? రాయలసీమలో దానికి కొదవ లేదు. బోర్లు ఉన్నాయి. బోరు బండి హోరుమని తోలుతున్నప్పుడు గట్టున నిలబడ్డ రైతు చూసేది నీళ్ల కోసమే కావచ్చు, కానీ అతని కళ్ల ముందు లేస్తున్నది రాతి పొడి. రాడ్డు దిగినకొద్దీ పొడి రంగు మారుతుంది. ఎర్రమన్ను, తెల్లటి సుద్ద, బూడిద రంగు, నలుపు. రంగు మారినప్పుడు డ్రైవరు గొంతు కూడా మారుతుంది. పని అయ్యాక ఇచ్చే బిల్లులో రెండు అంకెలుంటాయి: మొత్తం ఎన్ని అడుగులు, కేసింగు పైపు ఎన్ని అడుగులు. ఆ రెండో అంకెను గమనించండి. మెత్తటి నేల కూలకుండా పైపు దించుతారు, గట్టి రాయి తగలగానే ఆపేస్తారు. అంటే కేసింగు అడుగులు ఆ చోట గట్టి రాయి ఎంత లోతున మొదలైందో చెప్పే కొలత. పత్తికొండ వైపు నల్లరాతి నేలలో నీళ్లు నిలిచేది చాలావరకు ఆ శిథిలమైన పై పొరలోనే గనుక ఆ అంకె ఎంతో విలువైంది. అది పైకం ఇచ్చి కొన్న కొలత. ఎకరాలమ్మి, అప్పు తెచ్చి కొన్న కొలత. బిల్లు కొన్నాళ్లకు చిరిగిపోతుంది, కొలత గాలికి పోతుంది.

ఈ అంకెలను సేకరించడం గొంతెమ్మ కోరికేమీ కాదు. బ్రిటన్‌లో నీళ్ల కోసం 15 మీటర్లు దాటి తవ్విన ప్రతి బోరు వివరాన్నీ తవ్వినవాడు అక్కడి సర్వే సంస్థకు అందజేయాలని చట్టం ఉంది. అలా పోగైన రికార్డులు పది లక్షల పైమాటే, చాలావాటిని ఇంట్లో కూర్చుని చూడవచ్చు. మనకూ చట్టం లేకపోలేదు. 2002 నాటి వాల్టా చట్టం బావులను, బోరు బండ్లను నమోదు చేయమంటుంది. నమోదు కాగితంలో పొడి రంగులకు, కేసింగు లోతుకు రెండు గళ్లు చేర్చి, ఫోనులో చోటు గుర్తించి పంపితే ఒక్కో బోరు పటం మీద ఒక్కో చుక్క అవుతుంది. ఎండిపోయిన బోరు కూడా చుక్కే. నిజానికి ఎండిన బోరు చెప్పే సంగతి ఎక్కువ. దాన్ని ఎవరూ రాసుకోరు గనుకే పక్క చేనువాడు మళ్లీ అక్కడే తోలిస్తాడు.

బోరు డ్రైవరు చెప్పిన రంగును నమ్మి శాస్త్రం నడుస్తుందా అని మరో అభ్యంతరం. నిజమే, ఒకరికి బూడిద రంగైంది మరొకరికి నలుపు. బిల్లు అడుగుల్లో ఒకటో రెండో అటూ ఇటూ అవుతాయని రైతులకు అనుమానం ఎప్పుడూ ఉన్నదే. కానీ చెడ్డ సాక్ష్యంతో కూడా నడిచే పద్ధతి ఉంది, కోర్టులు రోజూ చేసేది అదే. చుక్క పక్కన చెప్పినవారెవరో రాసి ఉంటే చాలు. సర్వే శాస్త్రవేత్త చూసిన చుక్క ఒక రంగు, విద్యార్థి కొలిచింది మరో రంగు, బోరు బిల్లు నుంచి వచ్చింది వేరే రంగు. ఒక్క బిల్లును ఎవరూ నమ్మనక్కర్లేదు. ఒకే ఊరి చుట్టూ నలభై బిల్లులు అరవై అడుగుల దగ్గరే పైపు ఆగిందంటే దాన్ని కొట్టిపారేయడం కష్టం. కలపకూడనివి కలిపితేనే ప్రమాదం. విడివిడిగా చూపితే లేదు.

ఇలా సమాచారం పొరలు పొరలుగా పక్కపక్కన లేకపోతే ఏమవుతుందో కడప చూసింది. 2015 చివర కుండపోత వానల తర్వాత కడపను ఆనుకుని ఉన్న చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో నేల గుండ్రంగా కుంగి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి. జనం హడలిపోయారు. శాస్త్రవేత్తలు వచ్చి చూసి చెప్పిన కారణంలో మాయ ఏమీ లేదు. అడుగున సున్నపురాయి. నీళ్లు ఏళ్ల తరబడి కరిగించి చేసిన ఖాళీలు అందులో ఉంటాయి. ఆ ఖాళీల్లో నీళ్లు నిండి ఉన్నంత కాలం పైనున్న మన్నుకు కొంత ఆసరా ఉంటుంది. బోర్లు లాగేసి నీటిమట్టం పడిపోయాక, ఒక్కసారిగా పెద్ద వాన కురిస్తే తడిసి బరువెక్కిన మన్ను కిందికి జారిపోతుంది. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహల్లో మనం టికెట్టు కొని చూసేది కూడా సున్నపురాతిలో నీళ్లు చేసిన పనే. సున్నపురాయి ఎక్కడుందో ఒక పటంలో, నీటిమట్టం ఎంత పడిందో ఇంకో రిజిస్టరులో, ఎంత వాన కురిసిందో వేరొక పట్టికలో ఉంటే ఆ మూడూ కలిసే చోటు ఎవరి కంటా పడదు. గుంత ఫలానా రోజు ఫలానా చేనులో పడుతుందని ఏ పటమూ చెప్పలేదు, చెబుతానంటే నమ్మకూడదు. ఏ ఊళ్ల చుట్టూ జాగ్రత్తపడాలో మాత్రం ముందే చూపగలదు.

తెర చేతికొస్తే పిల్లలు కొండెక్కడం మానేస్తారని పాతతరం అధ్యాపకుల బెంగ. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. రాయిని సుత్తితో కొట్టి, కొత్తగా పగిలిన ముఖాన్ని భూతద్దంలో చూసి, అంచు మీద ఆమ్లం చుక్క వేసి బుస్సుమని పొంగితే సున్నపురాయి అని తేల్చే చదువుకు ప్రత్యామ్నాయం లేదు. కానీ నేను చెబుతున్న పటంలో ఖాళీలు కనిపిస్తాయి. నిండుగా రంగులు పూసిన పటాన్ని చూసి అంతా అయిపోయిందని ఇంట్లో కూర్చునే అవకాశం ఉంది. చుక్కల్లేని పదిహేను కిలోమీటర్ల ఖాళీని చూపితే అదే పిల్లలను బస్సెక్కిస్తుంది. సిగ్నలు లేని గండికోట లోయలో కూడా పనిచేసేట్టు పటాన్ని ముందే ఫోనులోకి దించుకుని, చుక్కలు పెట్టి, ఊరికి వచ్చాక పంపించే ఉచిత సాఫ్ట్‌వేరు ఇప్పుడు ఉంది. ఫోనులోని దిక్సూచి ఒక్కోసారి తప్పు చూపుతుంది గనుక కొలతను మామూలు దిక్సూచితో సరిచూడాలి. అదీ పాఠమే.

సమాచారం అందరికీ తెరిస్తే దొంగ తవ్వకాలకు దారి చూపినట్టు కాదా అన్న భయంలో కొంత నిజం ఉంది. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే వజ్రాల కోసం వంగి నడిచేవారికి పటం అక్కర్లేదు. వాళ్ల కళ్లే వాళ్లకు పటం. తవ్వేసేవాళ్లకు కూడా సమాచారం ఎప్పుడూ అందుతూనే ఉంది, అందనిది ఊరి జనానికి. అయితే బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల వంటివి వేరు. 1884 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వి ప్రాచీన జంతువుల ఎముకలు బయటపెట్టిన చోట్లవి. అలాంటి నాజూకైన చోట్లు కొన్నిటిని పటంలో కచ్చితంగా చూపకుండా కిలోమీటరు గడిగా మొద్దుబార్చడమే మంచిది. ఇక్కడ నా వాదనకు నేనే మినహాయింపు ఇస్తున్నాను.

భాష సంగతి కూడా ఒక మాట. మంగంపేటలో దొరికే బైరైటీసు మనకు ముగ్గురాయి. స్టియటైటు బలపం రాయి. ఆస్‌బెస్టాసు రాతినార. బేతంచెర్లలో పరుపులు పరుపులుగా లేచేది నాపరాయి, ముంబయి వంటిళ్లలో అరుగుల మీద పరిచే రాయికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరే కడప్ప. ఇవి మోటు మాటలు కావు, గనిలో బతికినవాళ్లు రాతి గుణాన్ని చూసి పెట్టిన పేర్లు. పటం వెతుకులాట గడిలో తెలుగులో ముగ్గురాయి అని కొడితే శాస్త్రనామం తెరుచుకోవాలి, శాస్త్రనామం కొడితే ముగ్గురాయి కనిపించాలి. బోరు డ్రైవరు చెప్పిన మాట చుక్కగా మారాలంటే ముందు ఆ మాట పటానికి అర్థం కావాలి గదా.

జిల్లా మొత్తానికీ ఒకేసారి పూనుకుంటే ఈ పని ఏ దశాబ్దానికో తెములుతుంది. వేంపల్లె నుంచి పులివెందుల దాకా ఉన్న పట్టీతో మొదలుపెట్టవచ్చు. పొరలు అక్కడ చక్కగా పైకి తేలి ఉంటాయి, వాలు కంటికి కనిపిస్తుంది, గనులున్నాయి, బోర్లకు లెక్కే లేదు. అడుగున సర్వే పటం, దాని మీద కింగ్ పటం, ఆ పైన ఒక తరగతి పిల్లలు రెండు సెలవు రోజుల్లో కొలిచి పెట్టిన చుక్కలు. ఆ తర్వాత ఇంటింటికీ పోయి ట్రంకు పెట్టెల్లో, పాసుపుస్తకాల మడతల్లో మిగిలిన బోరు బిల్లులు అడగాలి. చాలామంది అవి ఇంకా దాచుకునే ఉంటారు, ఆ అప్పు తీరలేదు కాబట్టి.